చక్కెర లేని మూడో గ్లాసు

"నిన్న ఎట్ల చేసిండ్రో గట్లనే మళ్ళొక్కసారి చెయ్యాలె అమ్మా," అన్నాడు రాజలింగం.

ఊర్మిళ తలెత్తలేదు. వంటింటి గోడకు వీపు ఆనించి కూర్చున్న మనిషి అలాగే కూర్చుంది. లోపలి గదిలో ఏడ్చి ఏడ్చి అలసిన ఆడవాళ్ళ గొంతులు మాత్రం ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆమె మామగారి శవం ఇంకా జగిత్యాల దవాఖానలోనే ఉంది. పొయ్యి వెలిగించని ఇంట్లో, పీనుగ లేవని ఇంట్లో, మామిడిపండ్ల రసం చెయ్యమని అడిగే మనిషిని వాళ్ళు ఇంతవరకు చూడలేదు.

"నీ బాంచెన్ సారూ," అంది పనిమనిషి గౌరవ్వ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. "చావు జరిగిన ఇల్లు. గసొంటి పని చెయ్యద్దు. పాపం తల్గుతది."

"తల్గితే నాకే తల్గనీ గౌరవ్వా. ఇంకో చావు ఆపెతందుకే అడుగుతున్న."

ఆ ఇంకో చావు ఎవరిదో ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

నిన్న దీపాలు పెట్టే వేళ, కోరుట్లలోని ఈ ఇంటి వసారాలో, నర్సింగ్ రావు దొర చేతిలో గ్లాసుతోనే కుర్చీలోంచి ముందుకు ఒరిగిపోయాడు. ఊళ్ళో గడీకి తాళం వేసి, అన్నల భయానికి పట్నం చేరి నాలుగేళ్ళయిన మనిషి. శవాన్ని చూసిన డాక్టరు వాసన పట్టగానే చెప్పాడు, పత్తి చేనుకు కొట్టే మందు అని. రాత్రికి రాత్రే సర్కిల్ ఇన్‌స్పెక్టర్ పురుషోత్తం కేసు తేల్చేశాడు. విషం ఉన్నది దొర గ్లాసులో పోసిన కల్లులో. కల్లు తెచ్చి ఇచ్చింది గీత పని చేసే రాజం. రాజం తమ్ముడు మొన్న చలికాలంలో ఎన్‌కౌంటర్‌లో పోయిన నక్సలైటు. ఇంకేం కావాలి? పొద్దున పేపరువాళ్ళను పిలిచి మరో మాట కూడా అన్నాడు. అడవిలో ఆయుధాలు పాతిపెట్టిన చోటు చూపిస్తానని రాజం ఒప్పుకున్నాడట. సాయంత్రం తీసుకుపోతారట.

అలా చూపించడానికి పోయినవాడు తిరిగి రావడం ఆ చుట్టుపక్కల ఎవరూ చూడలేదు. చీకటి పడ్డాక అడవిలో తుపాకులు పేలతాయి. మర్నాడు పేపర్లో ఎదురుకాల్పులని పడుతుంది. తర్వాత ఎవరు నిర్దోషో ఎవరికీ అక్కర లేదు.

గేటు బయట ఎండలో రాజం పెళ్ళాం లచ్చవ్వ కూర్చుని ఉంది. పొద్దున రాజలింగం జీపు దిగినప్పుడూ అక్కడే ఉంది. లోపలికి రమ్మంటే రాలేదు. ఇంటికి పొమ్మంటే పోలేదు. "సీఐడీ సారువా?" అని అడిగి, ఒక్కటే మాట అంది. "పొద్దు ఎంత మీదున్నదో చూసుకుంట పని చెయ్యి సారూ."

రాజలింగం వంటింటి కిటికీలోంచి ఆకాశం చూశాడు. పొద్దు నడినెత్తి దాటి చాలాసేపయింది.

ఊర్మిళ లేచింది. కొంగు నడుముకు దోపుకుని, మూలన గంపలో గడ్డి తొలగించి, మాగిన పండ్లు నాలుగు ఏరింది. వాసన గుప్పుమంది. ఫ్రిజ్ తెరిచి గిన్నె తీసింది. నిన్న మరిగించి చిక్కబరిచిన పాలు, మీగడ కట్టి, అడుగున కొంచెం మిగిలి ఉన్నాయి.

"గీ రసం పేరేంది అమ్మా?"

"పేరేం లేదు సార్. మామయ్య కోడలి రసం అంటుండె." గొంతు పొడిగా ఉంది. "హైదరాబాదుల మా అక్కోళ్ళ ఇంట్ల నేర్చుకున్న. పండ్ల రసం, చిక్కపాలు, చక్కెర, ఇలాచి, ఐసు. మొగోళ్ళు అండ్ల బ్రాందీ పోసుకుంటరు. మామయ్యకు మిఠాయి కన్నా అదే పాణం. ఎండకాలం అచ్చిందంటే పొద్దుగూకంగ రోజూ చెయ్యాలె."

"బ్రాందీ మీరే పోస్తరా?"

ఆమె చేతులు ఆగాయి. అడగరానిది అడిగినట్టు చూసింది. "మేము సీస ముట్టం సార్. రసం చేసి పళ్ళెంల వెట్టి వసారలకు పంపుడే. పోసుకునుడు, తాగుడు అంత అక్కడ్నే."

"మరి కల్లు?"

"కల్లు లొట్టి ఇంట్లకే రాదు. రాజం ఎనుక గల్మ కాడ దించిపోతడు. మామయ్య మబ్బుల, తెల్లారకముందే లేచి ఉత్తదే తాగుతడు. నేనెన్నడు ముట్టలే."

"నిన్న సీఐ రాసిన కాయితంల మీ దస్కతు ఉన్నది. మామయ్య గ్లాసుల కల్లు నేనే పోసిన అని ఉన్నది."

ఊర్మిళ పండును రెండు అరచేతుల మధ్య పెట్టుకుని మెత్తగా పిసకసాగింది. కొన తుంచి, గిన్నెలోకి రసం పిండింది. మళ్ళీ ఇంకో పండు. రెండోది అయ్యాక అంది. "వాళ్ళు రాసిండ్రు. నేను చేసిన."

"చదివిండ్రా?"

"మా ఆయన వాళ్ళ నడుమ కూసున్నడు సార్. ఆయన మొకం చూసుకుంట చేసిన."

ఆమె భర్త మాధవ రావు ఇప్పుడు జగిత్యాలలో, తండ్రి శవం దగ్గర ఉన్నాడు. తోడుగా ఇద్దరు కానిస్టేబుళ్ళు ఉన్నారు. కాపలాకని అన్నారు. ఎవరి నుంచి కాపలానో చెప్పలేదు.

రాజలింగం తన సంచిలోంచి ఒక సీసా తీశాడు. వచ్చే దారిలో కల్లు దుకాణంలో కొన్నది. ఒక చిన్న గిన్నెలో కొంచెం మామిడి రసం, కొంచెం చిక్కపాలు పోయించి, చెంచాతో కలిపి, పైనుంచి కల్లు వంచాడు. మూడు నాలుగుసార్లు చెంచా తిప్పేసరికి బంగారంలా ఉన్న రసం విరిగిపోయింది. పాలు తెల్లని తరకలై ఒకపక్కకు, పచ్చని నీరు మరోపక్కకు చేరాయి. పులిసిన వాసన వచ్చింది.

"అయ్యో," అంది గౌరవ్వ. "కల్లువోస్తే పాలు పలుగయా మరి!"

"పలుగుతయి," అన్నాడు రాజలింగం. "కల్లును చేత్తోని ముట్టినోళ్ళు ఎవ్వలూ గా కాయితంల గట్ల రాయరు. నిన్నటి దొర గ్లాసు నేను పొద్దుగాల చూసిన. అడుగున అంటిన రసం వెన్న లెక్క నున్నగున్నది. ఒక్క తరక లేదు. కల్లు ఆ గ్లాసులకు పోనే లేదు."

ఊర్మిళ ఆ విరిగిన రసం వైపు చూస్తూ ఉండిపోయింది. తర్వాత అల్మారా తెరిచి, గ్లాసుల అట్టపెట్టె దించింది. అక్క ఇచ్చిన కానుక అట. ఆరు గ్లాసులకు ఆరు అరలు. అందులో మిగిలిన గ్లాసులు ఒకటి, రెండు, మూడు తీసి పళ్ళెంలో పెట్టింది. పెట్టె ఖాళీ అయింది.

పోలీసులు జప్తు చేసింది రెండు గ్లాసులు, తండ్రిదీ కొడుకుదీ. ఇక్కడ మూడు. ఇంకొకటి లేదు.

"ఆరోది ఏది అమ్మా?"

"పగిలింది."

"ఎన్నడు?"

ఆమె చక్కెర డబ్బా మూత తీసింది. కానీ చక్కెర వెయ్యకముందే, గిన్నెలోని రసం కొంచెం వేరే చెంబులోకి వంచి పక్కన పెట్టింది. అప్పుడు మిగతా దాంట్లో చక్కెర పోసి, ఇలాచి దంచి వేసి, పాలు కలిపి చిలికింది. పక్కన పెట్టిన చెంబులో పాలు మాత్రమే కలిపింది. మూడు గ్లాసులు నింపింది. ఐసు ముక్కలు వేసింది. చెంబులోని రసం పోసిన గ్లాసు మీద, అలవాటుగా, ఒక లవంగం తేలేసింది.

"గిది ఎవలికి?"

"నాకే సార్. నాకు చక్కెర పడదు."

పొద్దున పక్కింటివాళ్ళు చాయ్ తెచ్చి ఇచ్చినప్పుడు, ఆమె చప్పగా ఉందని గౌరవ్వతో ఇంకో చెంచా చక్కెర వేయించుకోవడం రాజలింగం చూశాడు. అయినా ఊరుకున్నాడు. అతడు సిరిసిల్లలో మరమగ్గాల సాంచెల చప్పుడు మధ్య పెరిగినవాడు. తెగిన పోగు కనపడగానే ఆత్రపడి చెయ్యి పెడితే వేళ్ళు పోతాయని, సాంచె దానంతట అది ఆగేదాకా ఆగాలని, చిన్నప్పుడే వాళ్ళ నాయన చెంపదెబ్బతో నేర్పాడు.

"పళ్ళెం వసారలకు తెండి," అన్నాడు. "నిన్న ఎక్కడ వెట్టిండ్రో గక్కడ్నే వెట్టండి."

శవం లేచేదాకా ఇల్లు కడగరు. ఆ ఆచారం వల్లనే వసారా నిన్న ఉన్నట్టే ఉంది. శాబాద్ బండల నేల. దొర కూర్చున్న చెక్క కుర్చీ, దాని ఎదురుగా ఇంకో రెండు కుర్చీలు, మధ్యలో పీట. ఊర్మిళ పీట మీద పళ్ళెం పెట్టి, తలుపు చాటుకు వెళ్ళి నిలబడింది.

రాజలింగం మోకాళ్ళ మీద కూర్చున్నాడు. దొర కుర్చీ ముందు, గ్లాసు జారి పడిన చోట, అరచేయి అంత పసుపు మరక ఎండి ఉంది. దాని అంచున చీమలున్నాయి. ఒక్కటీ కదలడం లేదు. నల్లదారంతో కుట్టినట్టు మరక చుట్టూ చచ్చి పడి ఉన్నాయి.

అది అతడు పొద్దున్నే చూశాడు. చూడనిది ఇంకొకటి ఉంది. కుర్చీకి కుడిపక్క, కోడు చాటున, బండల సందులో రూపాయి బిళ్ళంత మరక. అదే పసుపు, అదే రసం. కానీ అక్కడ చీమలు సందడిగా ఉన్నాయి. మరకను కొరికి, ముక్కలు నోట కరిచి, గోడ దాకా బారు తీరి పోతున్నాయి.

అతడు చాలాసేపు ఆ బారు వైపే చూశాడు.

"గౌరవ్వా! ఇటు రా. దొర తాగేముందు సాక పోసేటోడా?"

"పొయ్యకపోతే ఎట్ల సారూ? ఎల్లమ్మ తల్లికి పొయ్యంది గుటక మింగడు. కల్లైనా అంతే, సీస మందైనా అంతే." గౌరవ్వ కళ్ళు తుడుచుకుంది. ఆ ఏడుపులోనే చిన్న నవ్వు తొణికింది. "చాయ్‌కు ఒక్కదానికే పొయ్యకపోవు."

"ఏ చేత్తోని?"

"కుడిచేత్తోని. గదే, గా సందుల. నేను రోజూ కడిగేది గా మరకనే గదా."

రాజలింగం లేచి నిలబడ్డాడు. దొర గ్లాసు అందుకున్నాడు. బ్రాందీ పోసుకున్నాడు. అమ్మవారికి నాలుగు చుక్కలు నేల మీద వంచాడు. అప్పటికి గ్లాసులో విషం లేదు. ఆ చుక్కలు తిన్న చీమలు ఈరోజు కూడా బతికే ఉన్నాయి. తర్వాత తాగాడు. చివరికి చేతిలోంచి జారిన గ్లాసులో విషం ఉంది. అంటే వంటింట్లో కలవలేదు. కల్లులో రాలేదు. ఈ వసారాలో, సాక పోసిన తర్వాత, దొర పక్కన కూర్చున్న చెయ్యి కలిపింది.

పక్కన కూర్చున్నది కొడుకు ఒక్కడేనా?

మూడు కుర్చీలు. మూడు గ్లాసులు.

గేటు బయట జీపు బ్రేకు కీచుమంది. "ఏయ్ ముసల్దానా, బాటకు అడ్డం లే!" అన్న కేక వినపడింది. లచ్చవ్వ లేచిన చప్పుడు మాత్రం వినపడలేదు. సీఐ పురుషోత్తం ఆమెను తప్పించుకుని, గేటు తన్ని లోపలికి వచ్చాడు. ఖాకీ చొక్కా చెమటకు వీపుకు అంటుకుపోయింది.

"ఏంది రాజలింగం? చావు ఇంట్ల దావత్ వెట్టినవా?"

"రా పురుషోత్తం. నీ కోసమే చూస్తున్న."

"కేసు అయిపోయినంక వచ్చి ఏం ఏరుకుంటున్నవు?" పురుషోత్తం టోపీ తీసి తొడకు కొట్టుకున్నాడు. "సిరిసిల్ల సాంచెకాడి బుద్ధి పోలే నీకు. పోగు పోగు ఎతుక్కుంట కూసుంటవు. నేనైతే బట్ట నేసిన, మడత వెట్టిన, అమ్ముడు కూడ పోయింది."

"ఖరాబున్నదని వాపస్ వచ్చింది. అదే చెప్తామని ఉన్న."

"ఎవడు చెప్పిండు ఖరాబని?"

"నీ ఠాణకు పోయిన పొద్దుగాల. రాజం తెచ్చిన లొట్టి చూసిన. సగం ఖాళీ."

"ల్యాబుకు పంపినం."

"ల్యాబు నేను చూసొచ్చిన. ఇద్దరు కానిస్టేబుళ్ళు బల్ల మీద ఎల్లెలుకల పండుకోని గుర్రు కొడుతున్నరు. విషం తాగినోళ్ళు గంత మంచిగ నిద్రవోరు పురుషోత్తం."

సీఐ ముఖం నల్లబడింది. అతడు వసారా మెట్లు రెండు ఒక్క అంగలో ఎక్కి, మూడో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. దొర కుర్చీకి ఎదురుగా ఉన్న రెండిట్లో గోడ పక్కది, ఫ్యాను గాలి తగిలేది.

"నీకు అడివి తెల్వదు, అన్నలు తెల్వదు. కరీంనగర్ల ఫ్యాన్ కింద కూసోని కేసులు రాసుకునేటోనివి. ఈడ నా మనుషులు ఆర్నెల్లకొకడు సస్తున్నరు. మందుపాతర మీద జీపు పోతే మాంసం ఏరిన మేము, చెట్ల కొమ్మల మీదికెళ్ళి! గప్పుడు ఏ సీఐడీ రాలే. ఒక దొర సచ్చిండనంగనే ఉరికొచ్చిండ్రు." అతడి గొంతులో కోపం నిజమైనది. అది నటన కాదు. "వాని తమ్ముడు దళంల తిరిగిండు. వీడు దొరకు పొద్దుమాపు కల్లు వోసిండు. చాలదా? పొద్దుగూకేసరికి అంత సాఫ్ అయితది. నీ సంచి సదురుకో."

మాట్లాడుతూ మాట్లాడుతూనే అతడి చెయ్యి పళ్ళెం మీదికి పోయింది. దగ్గరున్న రెండు గ్లాసులు దాటి పోయింది. లవంగం తేలుతున్న మూడో గ్లాసు అందుకుంది. కోపంలో ఉన్న మనిషికి తన చెయ్యి ఏం చేస్తోందో తెలియదు. పురుషోత్తం పెదవితో లవంగాన్ని పక్కకు నెట్టి, గటగటా సగం తాగేశాడు.

తలుపు చాటున గాజులు ఒక్కసారి కదిలి ఆగాయి.

"చల్లగున్నదా?" అన్నాడు రాజలింగం నెమ్మదిగా.

పురుషోత్తం గ్లాసు దించాడు. దాని వైపు చూశాడు. పళ్ళెంలోని రెండు గ్లాసుల వైపు చూశాడు. మెడ మీద చెమట చుక్క కాలరులోకి జారింది.

"నిన్న గిదే ఇంట్ల, గిదే రసం తాగి ఒక మనిషి సచ్చిండు," అన్నాడు రాజలింగం. "నా డ్రైవర్ లచ్చయ్య గీ రసం పేరు వినంగనే దండం వెట్టి గేటు దాటిండు. నువ్వు మాత్రం భయపడలే. రసంల విషం లేదని నీకు ఎరుక. దగ్గరున్న తీపి గ్లాసులు ఇడిసిపెట్టి చక్కెర లేనిదే తీసుకున్నవు. లవంగం ఎందుకున్నదో కూడ నీకు ఎరుక. నీకు చక్కెర బీమారని ఈ ఇంటి వంటింటికి ఎట్ల తెలిసింది పురుషోత్తం?"

"దొర దోస్తు నాకు. ఎన్నో తాపల వచ్చిన. అయితే ఏంది?"

"నిన్న?"

"రాలే."

"మంచిది." రాజలింగం జేబురుమాలు తీసి, సీఐ చేతిలోంచి గ్లాసును మెల్లగా, పసిపిల్ల చేతిలోంచి కత్తి తీసుకున్నంత జాగ్రత్తగా తీసుకున్నాడు. "గిది నా కాడ ఉంటది. నీ వేళ్ళ అచ్చులు దీని మీదున్నయి. నిన్నటి మూడో గ్లాసు దొరికిన రోజు రెండిటినీ పక్కపక్కన వెట్టి జగిత్యాల మెజిస్ట్రేటుకు చూపెడత."

పురుషోత్తం చెయ్యి నడుము దగ్గరి పిస్తోలు తోలుసంచి మీద వాలింది. గుండీ విప్పలేదు. అలాగే ఆనించి కూర్చున్నాడు. గేటు దగ్గర లచ్చయ్య జీపు దిగి నిలబడ్డాడు. లచ్చవ్వ కూడా లేచింది. లోపలి గదిలోంచి ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు వచ్చి తలుపు వెనుక గుంపయ్యారు. ఇంతమంది కళ్ళు. సీఐ వాటిని ఒక్కొక్కటే చూసి, చెయ్యి తీసేశాడు.

"నీకేం గావాలె?"

"రాజం. పాణంతోని. నా జీపుల."

"గంతేనా?"

"ఇప్పటికి గంతే."

విచిత్రంగా పురుషోత్తం ముఖం తేలికపడింది. లేచి గేటు దాటి తన జీపు దగ్గరికి నడిచి, వైర్‌లెస్ అందుకున్నాడు. రాజలింగం వెనకే వెళ్ళి నిలబడ్డాడు. గరగరమనే చప్పుడు మధ్య సీఐ మాట స్పష్టంగా వినపడింది.

"ఠాణకెళ్ళి తీస్కపోయిన సామాను వాపస్ పంపుండ్రి. ఆఁ, కోరుట్లకే. దవాఖాన కాడి సామానుతోని పని కానియ్యుండ్రి."

"దవాఖాన సామానేంది?" అన్నాడు రాజలింగం.

"శవం. పోస్టుమార్టం అయిపోయింది గద. పంపాలె గద." సీఐ టోపీ పెట్టుకున్నాడు. "నీ రాజం గంటల వస్తడు. మొక్కుకో."

జీపు దుమ్ము లేపుకుంటూ పోయింది. లచ్చవ్వ వచ్చి రాజలింగం కాళ్ళ మీద పడబోయింది. అతడు వెనక్కి జరిగాడు. గెలిచినట్టు ఉండాలి. కానీ అరటితొక్క ఒలిచినంత సులువుగా ఆ మనిషి ఎందుకు ఒప్పుకున్నాడో అంతు పట్టలేదు.

వసారాలోకి తిరిగి వచ్చేసరికి ఊర్మిళ తలుపు చాటు నుంచి బయటికి వచ్చి నిలబడి ఉంది. మిగతా ఆడవాళ్ళను లోపలికి పంపేసింది.

"నేను మీకు ఏం చెప్పలే సార్," అంది. "రసం చేసిన, గంతే."

"గంతే అమ్మా. మీరు నోరు తెరవలే."

"మొన్న చలికాలంల," ఆమె నేల వైపు చూస్తూ మొదలుపెట్టింది, "మా మామిడి తోటల ముగ్గురు పోరగాండ్లను పురుషోత్తం సారోళ్ళు పట్టుకున్నరు. రాజం తమ్ముడు అండ్ల ఒకడు. నీళ్ళడిగిండ్రట. మామయ్య చెంబుతోని పోసిండు. చేతులు కట్టి జీపుల ఎక్కిస్తుంటే చూసిండు. తెల్లారి పేపర్ల అడివిల కాల్పులని వచ్చింది. అప్పటిసంది ఆయనకు నిద్ర లేదు. సోమవారం జగిత్యాలల మెజిస్ట్రేటు ముందర చెప్తనన్నడు. చెప్పేముందు పురుషోత్తం సారును ఇంటికి పిలిచి, మొకం మీదనే చెప్పిండు. ఆయన అలవాటు గది. ఎనుక గోతులు తవ్వుడు రాదు."

"అది నిన్న."

"నిన్ననే. మఫ్టీల మోటర్ సైకిల్ మీద వచ్చిండు. మామయ్య సాక పోసి సగం తాగిండు. ఇంకొంచెం ఐసు తెమ్మని మా ఆయనను లోపలికి పంపిండు పురుషోత్తం సారు. మామయ్య గ్లాసుల రెండోసారి బ్రాందీ ఆయనే పోసిండు. ఆయన తెచ్చిన చిన్న సీసలకెళ్ళి. మా ఆయన గిన్నె పట్టుకోని తిరిగి గల్మల అడుగు వెట్టేవరకు..." ఆమె చేత్తో గడప వైపు చూపించింది. "ఆయన పోసుడు మా ఆయన చూసిండు సార్. నేను చూడలే."

రాజలింగం ఇంకో మాట అడిగేలోపే ఊర్మిళ వంటింట్లోకి వెళ్ళింది. బియ్యం డబ్బా మూత తెరిచిన చప్పుడు. మోచేతి దాకా బియ్యంలో ముంచి తీసినట్టు, చెయ్యంతా తెల్లటి పొడితో తిరిగి వచ్చింది. చేతిలో గుడ్డ మూట. విప్పింది.

ఆరో గ్లాసు. లోపల రసం ఎండి పసుపు పొరలా అంటింది. అడుగున లవంగం అతుక్కుపోయి ఉంది. బయటి గాజు మీద వేళ్ళ జాడలు మసకగా, దగ్గరదగ్గరగా కనపడుతున్నాయి.

"పోయేముందు పురుషోత్తం సారు దీన్ని కడుగు అన్నడు. కడిగిన అని చెప్పిన."

రాజలింగం దాన్ని అందుకోబోయాడు. ఆమె ఇవ్వలేదు. "మా ఆయన ఇంటికి రానీ సార్. ఆయన చేతుల మీదికెళ్ళే ఇస్త. చూసినోడు ఆయన."

గంట దాటాక వీధి మలుపులో జీపు చప్పుడు వినపడింది. లచ్చవ్వ పరుగు తీసింది. చెప్పుల్లేని కాళ్ళతో, ముసలి వయసుకు చేతకాని పరుగు.

రాజం దిగాడు. చొక్కా లేదు. మణికట్లు తాడుకు ఒరుసుకుపోయి ఎర్రగా ఉన్నాయి. దించిన కానిస్టేబులు ఎవరి ముఖమూ చూడకుండా బండి తిప్పుకుని పోయాడు. లచ్చవ్వ మొగుణ్ణి ముట్టుకుని చూసింది. భుజం, మెడ, చెంప, ఉన్నాడా లేడా అన్నట్టు. ఏడవలేదు. "నడువు, ఇంటికి," అంది.

"ఇంటికి కాదు. నా జీపుల ఎక్కు రాజం," అన్నాడు రాజలింగం. "రేపు కోర్టుల నిలబడేదాక నా పక్కనే ఉండాలె."

రాజం కదలలేదు. అతడి చూపు రాజలింగాన్ని దాటి వసారా మెట్ల మీద నిలబడ్డ ఊర్మిళ దగ్గర ఆగింది.

"చెప్పు," అన్నాడు రాజలింగం.

"అడివి బాట మీద మా బండి ఆపి కూసున్నరు సారూ, చీకటి కోసం. వైర్‌లెస్‌ల ఏందో మాట వచ్చింది. ఇంకొంచెంసేపటికి జగిత్యాల దిక్కుకెళ్ళి ఇంకో జీపు వచ్చింది. నన్ను దించుతరనుకున్న. నా కట్లు విప్పిండ్రు." అతడు మణికట్టు తడుముకున్నాడు. "అండ్లకెళ్ళి మాధవ రావు దొరను దించిండ్రు. అడివిలకు నడిపిచ్చిండ్రు. మొకానికి గుడ్డ గూడ కట్టలే. నా దిక్కు చూసి, ఊర్మిళకు చెప్పు అన్నడు. ఏం చెప్పాల్నో అనలే. నూకిండ్రు."

దవాఖాన కాడి సామాను.

పోసిన చేతిని చూసిన సాక్షి ఒక్కడే. ఆ ఒక్కణ్ణీ తాను కదిపాడు. ఒక ప్రాణాన్ని అడిగి తీసుకుని, దాని చోట ఇంకొకటి పెట్టించాడు. రాజలింగం వెనక్కి తిరగలేకపోయాడు. గాజు బండ మీద పడి పగిలే చప్పుడు కోసం ఎదురుచూశాడు.

ఆ చప్పుడు రాలేదు.

ఊర్మిళ గ్లాసును గుడ్డలో మళ్ళీ చుట్టి, రెండు చేతులతో గుండెకు ఆనించుకుని, మెట్లు దిగి వచ్చింది. ఎవరినీ అడగలేదు. జీపు వెనుక సీటులో ఎక్కి, రాజానికి చోటు వదిలి, ఒక మూలకు జరిగి కూర్చుంది.

"అడివి బాటకు పోనియ్యుండ్రి సార్," అంది. "ఇంకా చీకటి కాలే."